మొదటి టోపీ పెరుగు గిన్నెకు

ప్రశ్న: అక్కా, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నేను బడిలో టీచర్‌ని. మా ఇంటాయన వాళ్ళ జేజి పోయినేడు పోయింది. ఆమె కదురు మీద వడికిన నల్ల ఉన్ని దారం ఏడు ఉండలు ట్రంకు పెట్టెలో మిగిలాయి. తూకం వేస్తే కిలో పైనే ఉంది. కంబళి నేయించుదామంటే నేసేవాళ్ళు మా చుట్టుపక్కల దొరకలేదు. పారేయడానికి మనసు రాక, యూట్యూబ్ చూసి అల్లడం నేర్చుకుని, ఎనిమిదేళ్ళ మా పిల్లోడికి స్వెట్టర్ మొదలుపెట్టాను. వీపు ముక్క జానెడు వచ్చేసరికి ఒక పక్కకు వాలిపోయింది. మూడుసార్లు విప్పి అల్లినా అంతే. మెడకు ఆనించి చూస్తే ‘గీరుకుంటాంది మా’ అని వాడు పారిపోతున్నాడు. ‘సంతలో మూడొందలు పెడితే స్వెట్టర్ వస్తుంది, నీకెందుకీ టెన్షన్’ అంటాడు ఇంటాయన. బడి నుంచి వచ్చి వంట ముగించేసరికే రాత్రి ఎనిమిది. ఈ చలికాలం ఈ దారంతో ఏమన్నా చేయొచ్చా, వదిలేయమంటావా? తొందరగా అయ్యే వంటలేమన్నా ఉంటే అవి కూడా చెప్పు.

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ వీపు ముక్కను నాలుగోసారి కూడా విప్పెయ్. ఈసారి విప్పింది మళ్ళీ స్వెట్టర్‌గా అల్లొద్దు, కొన్నాళ్ళు ఆగు. వాలిపోవడం నీ చేతి తప్పు కాదు. పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు అల్లినా ఆ దారం అలాగే వాలుతుంది.

ఎందుకో చెప్తాను. మీ జేజి వడికింది అల్లడానికి కాదు, కంబళి నేయడానికి. మగ్గం మీద పడుగు (నిలువు) పోగులు ఒకదానికొకటి రాసుకుంటాయి, పురి తక్కువైతే తెగిపోతాయి. అందుకే కంబళి దారానికి గట్టిగా పురి పెడతారు, పైగా ఒంటిపోగుగానే ఉంచుతారు. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు కాబట్టి అందులో పురి ఎంత ఉన్నా కంబళి బిర్రుగా చదునుగా ఉంటుంది. అల్లికలో ఆ కట్టుబాటు లేదు. ప్రతి కుట్టూ ఒక వదులు ముడి. లోపల మిగిలిన పురి విప్పుకోవాలని చూస్తూ ఒక్కో కుట్టునీ ఒకే వైపుకు నెడుతుంది. జానెడు పొడవు వచ్చేసరికి వందల కుట్లు ఒకే దిక్కుకు ఒరిగి, చదరంగా రావాల్సిన ముక్క ఏటవాలుగా వస్తుంది. నువ్వు యూట్యూబ్‌లో చూసినవాళ్ళు మిల్లు దారంతో అల్లుతుంటారు. అది రెండు మూడు పోగులు కలిపి పేనింది, అందుకే వాళ్ళకు ఆ బాధ లేదు.

నీ దారం సంగతి తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఉండలోంచి మూరెడు దారం లాగి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి వదులుగా వేలాడనివ్వు. ఊయల తాడులా ఊరికే వేలాడితే పురి సమంగా ఉన్నట్టు. తనకు తానే చుట్టుకుని జడలా అయిపోతే పురి ఎక్కువున్నట్టు. నీది జడ పడుతుందనే నా అనుమానం.

దీనికి మందు పేనడం. తాడు పేనేవాళ్ళను ఎప్పుడన్నా చూసుంటావు. పోగులను ఒక వైపు తిప్పుతారు, వాటిని కలిపేటప్పుడు రెండో వైపు తిప్పుతారు. రెండు పురులూ ఎదురెదురు పడి తాడు నిలబడుతుంది. ఊలు దారానికీ అదే లెక్క. రెండు ఉండలు తీసుకుని, దొర్లిపోకుండా ఒక్కోదాన్ని ఒక్కో చెంబులో వెయ్. రెండు కొసలూ కలిపి కదురుకు కట్టు. మీ జేజి కదురును ఏ వైపు తిప్పేదో ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తుంటుంది, దానికి ఎదురు దిక్కుకు నువ్వు తిప్పు. ఎవరికీ గుర్తు లేకపోతే దారాన్ని నిలువుగా పట్టుకుని వెలుతురులో చూడు. పురి గీతలు కుడికి వాలాయా ఎడమకా కనబడుతుంది. పేనిన దారంలో అవి రెండో వైపుకు వాలాలి. పై పరీక్ష మళ్ళీ చెయ్యి, ఊయలలా వేలాడేదాకా తిప్పితే చాలు, ఇంకా తిప్పితే మళ్ళీ మొదటికే వస్తుంది. కదురు ఇంట్లో లేకపోతే, లావుపాటి పుల్లకు కింద కొబ్బరి చిప్ప ముక్క గుచ్చి చేసుకున్నా పనవుతుంది. నేను మొదట్లో చేసింది అదే.

పేనిన దారాన్ని కుర్చీ వీపుకు చుట్టి చిలపలాగా తీసి, నాలుగు చోట్ల నూలు దారంతో వదులుగా కట్టు. కుంకుడుకాయ రసం కలిపిన గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టు. పిసకొద్దు, రుద్దొద్దు, నీళ్ళు వేడిగా ఉండకూడదు. తీసేటప్పుడు అదే వెచ్చదనం ఉన్న నీళ్ళలో జాడించి, తువ్వాలులో చుట్టి నొక్కి, నీడన దండెం మీద వెయ్. కింద చిన్న బరువేదన్నా తగిలిస్తే ముడతలు పోయి పురి కుదురుకుంటుంది. గొర్రె వాసన, ట్రంకు పెట్టె వాసన కూడా చాలావరకు పోతాయి. అన్నట్టు, నానబెట్టే ముందు ప్రతి ఉండనూ ఎండలో విప్పి దులిపి చూసుకో. ఏళ్ళ తరబడి పెట్టెలో ఉన్న ఉన్నిని పురుగు కొట్టి ఉండొచ్చు. లాగితే చటుక్కున తెగే చోటల్లా తుంచి పక్కన పెట్టు.

వేడి నీళ్ళు వద్దని అంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ తప్పు నేను చేశాను. పెళ్ళైన కొత్తలో ఇలాంటి దారంతోనే మా ఆయనకు స్వెట్టర్ అల్లాను. మూడు నెలల పని. ఆయన ఒక్క రోజు తొడుక్కుని, బస్సులో అంత దూరమూ మెడ గోక్కుంటూ వెళ్ళి వచ్చాడు. ఉతికితే మెత్తబడుతుందేమోనని స్నానానికి కాచిన నీళ్ళలో వేసి సబ్బు పెట్టి బండ మీద రుద్దాను. అది మెత్తబడలేదు సరికదా దగ్గరపడి, గట్టిపడి, మా పక్కింటి చంటిబిడ్డకు కూడా పట్టనంత అయింది. ఉన్ని వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి, మళ్ళీ విడదీయలేం. ఆ స్వెట్టర్‌ను ముక్కలు కోసి మసిగుడ్డలు చేశాను. నా పెళ్ళినాటి గిన్నెలు సొట్టలు పోయాయి కానీ ఆ మసిగుడ్డల్లో ఒకటి ఇంకా నా పొయ్యి పక్కన ఉంది.

ఇక గీరుకోవడం గురించి. దాన్ని ఉతికి పోగొట్టలేం. మన దక్కనీ గొర్రె ఉన్ని వెంట్రుక లావు 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటుతుంది. సుమారు 30 మైక్రాన్లు దాటిన వెంట్రుక కొస చర్మానికి తగిలినప్పుడు వంగకుండా గుచ్చుకుంటుంది, మెత్తని స్వెట్టర్లకు వాడే మెరీనో ఉన్ని 20 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. పిల్లోడు గారాబం చేయడం లేదు, వాడి మెడ నిజమే చెబుతోంది. ఎండకు, వానకు, ముళ్ళ కంపలకు ఓర్చుకుని తిరిగే జీవం ఒంటి మీద బొచ్చు అది. కాపరి భుజాన ఏళ్ళ తరబడి ఉండే కంబళికి అదే కావాలి, బిడ్డ మెడకు కాదు.

అందుకని నీ ప్రశ్నను నేను కొంచెం తిప్పుతాను. ఈ దారంతో స్వెట్టర్ వస్తుందా అని కాకుండా, మీ ఇంట్లో గీరుకున్నా పట్టించుకోనిది, వెచ్చదనం కావాల్సినది ఏముంది అని వెతుకు. నాకు మొదట తోచేది పెరుగు గిన్నె.

నవ్వకు. అనంతపురం చలి ఎంత? డిసెంబరు, జనవరుల్లో తెల్లవారుజామున పదిహేడు డిగ్రీల చుట్టూ, కొన్ని రోజులు ఇంకా కిందికి. పొద్దెక్కేసరికి స్వెట్టర్ తీసి చంకన పెట్టుకుంటాం. ఆ చలికి మనుషులు దుప్పటి కప్పుకుంటే చాలు. కానీ పాలు తోడుకోవు. పెరుగు పట్టించే సూక్ష్మజీవులకు 40 డిగ్రీల పైచిలుకు వేడి హాయి. ఎండాకాలం నాలుగైదు గంటల్లో గడ్డ కట్టేది, చలికాలం పొద్దున లేచి చూస్తే నీళ్ళలాగే ఉంటుంది. ఇదివరకు గిన్నెను బియ్యం డబ్బాలో పెట్టేవాళ్ళు, పాత కంబళి ముక్క చుట్టేవాళ్ళు. ఉన్ని వేడిని పుట్టించదు, ఉన్న వేడిని బయటికి పోనివ్వదు. ఆ పనికి ముతక ఉన్ని, సన్న ఉన్ని తేడా లేదు.

పెరుగు గిన్నె టోపీ ఆకారంలో మనిషి టోపీయే. కొలతల్లో కొద్దిగా తేడా వచ్చినా గిన్నె అలగదు. మొదటిసారి అల్లేవాళ్ళకు ఇంతకన్నా మంచి గురువు లేదు.

సూదుల మాట ముందు చెప్పాలి. ఫ్యాన్సీ అంగళ్ళలో దొరికే సూదుల మీద తరచూ పాత ఇంగ్లాండు నంబర్లే ఉంటాయి. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది. 10 అంటే 3.25 మిల్లీమీటర్లు, 8 అంటే 4, 5 అంటే 5.5. చాలామంది 10వ నంబరే కొనుక్కుని లావు దారం దానితో అల్లి, రేకులా బిగుసుకుపోయిందని బాధపడతారు. నువ్వు పేనిన రెండుపోగుల దారానికి 5వ నంబరు, లేదా 4వ నంబరు కావాలి. దొరక్కపోతే వెదురు పుల్లలు చెక్కి గరుకు కాగితంతో నున్నగా రుద్దుకో. వాటి మీద దారం జారదు కాబట్టి కొత్తవాళ్ళకు ఇంకా మేలు.

ముందు నమూనా ముక్క. ఇరవై కుట్లు వేసుకుని బెత్తెడు పొడవు అల్లి, నానబెట్టి, ఆరబెట్టి, అప్పుడు మధ్యలో పది సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టు. ఆరకముందు కొలిస్తే కొలత అబద్ధం చెప్తుంది. చేతి వడుకు దారం ఒకచోట లావు, ఒకచోట సన్నం కాబట్టి మూడు చోట్ల కొలిచి సగటు తీసుకో. పది సెంటీమీటర్లకు 14 కుట్లు వచ్చాయనుకుందాం. లీటరున్నర పాలు పట్టే గిన్నె చుట్టుకొలత సుమారు 60 సెంటీమీటర్లు ఉంటుంది. లెక్క ప్రకారం 84 కుట్లు రావాలి. కానీ టోపీ పట్టుకుని ఉండాలంటే కాస్త బిగువుగా ఉండాలి, అందుకని 72 వెయ్. రెండు నిట్ (సూటి కుట్టు), రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) చొప్పున వరస మొత్తం అల్లుకుంటూ పో. ఇలా రిబ్ (నిలువు చారల అల్లిక) వేస్తే అటు పురి, ఇటు పురి సరిపెట్టుకుంటాయి. పేనడంలో ఏదన్నా లోటున్నా ముక్క వాలదు. పేనే ఓపికే లేదంటే ఒంటి దారంతో కూడా రిబ్ అల్లొచ్చు, కాకపోతే అప్పుడు 8వ నంబరు సూదులు పట్టుకుని కుట్లు మళ్ళీ లెక్కేసుకోవాలి.

గిన్నె ఎత్తు ఎంతో అంత పొడవు వచ్చాక, పై భాగం మూసుకొచ్చే పని. ఇక్కడ 72 ఎందుకన్నానో తెలుస్తుంది. 72ను ఎనిమిదేసి కుట్ల తొమ్మిది భాగాలు చెయ్. ముందువైపు వరసలో ఆరు కుట్లు నిట్ అల్లి, తర్వాతి రెండింటిని కలిపి ఒకటిగా అల్లు. చివరిదాకా ఇంతే. 63 మిగులుతాయి. వెనకవైపు వరస ఏమీ తగ్గించకుండా పర్ల్. మళ్ళీ ముందువైపు ఐదు అల్లి రెండు కలుపు, 54. ఇలా ఒక్కో ముందు వరసకూ తొమ్మిదేసి తగ్గుతూ 45, 36, 27, 18 అయి చివరికి 9 మిగులుతాయి. దారం మూరెడు వదిలి తెంపి, దబ్బనంలో ఎక్కించి, ఆ తొమ్మిది కుట్లలోంచి దూర్చి లాగి బిగించు. అదే దారంతో పక్క అంచులు కలిపి కుట్టేస్తే టోపీ. వంద గ్రాముల దారం కూడా పట్టదు.

రాత్రి పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి దిగాక, లీటరుకు రెండు చెంచాల పెరుగు కలిపి, మూత పెట్టి, టోపీ తొడుగు. అడుగున పాత కంబళి ముక్కో, మడిచిన గోనెసంచో ఉండాలి, లేకపోతే బండ వేడినంతా లాగేస్తుంది. పొద్దున బడికి పోయే ముందు చూడు.

రెండో టోపీ కూడా అదే లెక్క, అవే 72 కుట్లు. పెద్దవాళ్ళ తల చుట్టుకొలత 54 నుంచి 58 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది, సాగి సరిగ్గా పడుతుంది. తెల్లారకముందే చేనికో, మందకో, పాల డెయిరీకో పోయే మీ మామకు పెట్టు. కింద రుమాలు చుట్టుకునే అలవాటు వాళ్ళకు ఎటూ ఉంటుంది, గీరుకోదు.

పిల్లోడికి స్వెట్టర్ అల్లాలనే ఉంటే మూడో పనిగా పెట్టుకో. చేతులు లేనిది, మెడ దగ్గర కోసుగా దిగేది, నిండు చేతుల చొక్కా పైన వేసుకునేది. అప్పుడు నల్ల ఉన్ని చొక్కాకే తగులుతుంది, చర్మానికి కాదు. మెడ చుట్టూ, చంకల చుట్టూ చివరి నాలుగు వరసలు మాత్రం మెత్తని నూలు దారంతో అల్లు. ముతక నల్లదనం పక్కన తెల్లటి నూలు అంచు చూడ్డానికి కూడా బాగుంటుంది. చేతి వడుకు నూలే కావాలంటే ఖాదీ అంగళ్ళలో అడిగి చూడు. శ్రీకాకుళం పక్క పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి సన్న నూలు వడుకుతారు. అంత సన్నం మనకు అక్కర్లేదు, చాలా పోగులు కలిపితే గానీ మన సూదికి ఆనదు. వాడి స్వెట్టర్‌కు పావుకిలో, మహా అయితే మూడొందల గ్రాముల ఉన్ని పడుతుంది. సంక్రాంతికి అయితే అయింది, కాకపోతే కంగారు లేదు. శివరాత్రికి చలి శివశివా అని ఎటూ పోతుంది, వచ్చే ఏటికి వాడు పెరుగుతాడు కాబట్టి రెండంగుళాలు పెద్దగానే అల్లు.

ఇంటాయన మూడొందల స్వెట్టర్ మాట అన్నాడని రాశావు. ఆయన లెక్క తప్పు కాదు. పిల్లోడికి ఈ వారమే చలి వేస్తోంది కాబట్టి ఆ స్వెట్టర్ కొనండి. అది దాదాపు కచ్చితంగా ఆక్రిలిక్ (ఉన్నిలా కనబడే కృత్రిమ దారం) అయ్యుంటుంది, తేలిక, ఉతకడం సులువు. ఒక్కటే జాగ్రత్త, దాన్ని వేసుకుని పొయ్యి దగ్గరికి, చలిమంట దగ్గరికి పోనివ్వొద్దు. ఆక్రిలిక్ మంట తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఉన్ని అలా కాదు, తొందరగా అంటుకోదు, అంటుకున్నా మాడుతుందే కానీ కరగదు, మంట తీసేస్తే తనంతట ఆరిపోతుంది. అందుకే మసిగుడ్డలకు ఉన్ని మంచిదంటాను. కాపరులు నెగడు పక్కన కంబళి కప్పుకుని నిద్రపోవడం ఊరికే పుట్టిన అలవాటు కాదు.

అయితే మీ జేజి దారాన్ని మూడొందలతో పోల్చొద్దని కూడా ఆయనకు చెప్పు. మన వైపు గొర్రెలు తగ్గలేదు, ఉన్ని తగ్గింది. మాంసం కోసం నెల్లూరు జాతి గొర్రెలను తెచ్చుకున్నారు, వాటి ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకే కానీ వడికే ఉన్ని కాదు. ఉన్ని గొర్రెలున్న చోట కూడా ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరించే కూలి ఉన్ని అమ్మితే రావడం లేదని వదిలేస్తున్నారు. కంబళే కావాలని మీ అత్తకు మనసులో ఉంటే సరిహద్దు దాటి చిత్రదుర్గ జిల్లా చళ్ళకెరె వైపు అడగండి, అక్కడ కంబళి పని ఇంకా నడుస్తోంది. కిలో దారంతో నిండు కంబళి రాదు, వాళ్ళ దగ్గర మిగతా దారం కలిపి నేయించుకోవాలి. అల్లడానికి ముందే ఈ మాట ఇంట్లో ఒకసారి తేల్చుకోండి. పేనాక ఒంటిపోగు కంబళికి కుదరదు.

ఇక వంట. తొందరగా అయ్యే వంటలు అడిగావు. నేను తొందరగా అయ్యేవి కాకుండా, మన పక్కన ఉండకపోయినా తమంతట అయ్యేవి చెప్తాను. పూరీ అరగంటలో అవుతుంది, కానీ ఆ అరగంటా నువ్వు కదలడానికి లేదు. సంగటికి ముప్పావుగంట పడుతుంది, అందులో నీ చేతి పని పది నిమిషాలే.

గ్లాసు బియ్యం కడిగి ఐదు గ్లాసుల నీళ్ళలో వేసి, ఉప్పు వేసి, మెత్తగా ఉడకనివ్వు. నీళ్ళు ఇంకా పైన తేలుతుండగానే గ్లాసున్నర రాగిపిండి పైన కుప్పగా పొయ్యి. కలపకుండా కట్టెతో మధ్యలో ఒక బొక్క పెట్టి, మంట బాగా తగ్గించి, మూత పెట్టి పది నిమిషాలు వదిలెయ్. ఆ పది నిమిషాలూ నీవే. అందులో నాలుగు వరసలు అల్లొచ్చు. ఐదో వరసకు ఆశపడకు, అడుగంటుతుంది. తర్వాత దించి సంగటి కట్టెతో ఉండలు లేకుండా కెలికి, తడిచేత్తో ముద్దలు చెయ్. ఆ రెండు నిమిషాలు మాత్రం బలం కావాలి, ఇంటాయనను పిలువు. స్వెట్టర్ మీద తీర్పు చెప్పినవాడు సంగటి కెలకలేడా.

పక్కకు చెనిక్కాయల ఊరుబిండి. వేయించిన చెనిక్కాయలు, నూనెలో మగ్గించిన పచ్చిమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు, చివర్లో ఒక ఉల్లిగడ్డ వేసి కచ్చాపచ్చాగా రుబ్బితే అయిపోయింది. ఆదివారమే చెనిక్కాయలు వేయించి పొట్టు తీసి డబ్బాలో పెట్టుకుంటే మిగతా రోజుల్లో ఐదు నిమిషాల పని. మిరపకాయలు తుంచిన చేత్తో దారం పట్టుకోవద్దు. ఇది నేను నవ్వులాటకు చెప్పడం లేదు. ఆ దారం రేపు పిల్లోడి ఒంటికి దగ్గరగా ఉంటుంది, ఇప్పటికే వాడికి దాని మీద మంచి అభిప్రాయం లేదు.

ఉలవలకు నీ ఉన్నితోనే పని. రాత్రి నానబెట్టిన ఉలవలను పొద్దున్నే ఇరవై నిమిషాలు తెర్ల కాగనిచ్చి, మూత తీయకుండా దించి, గిన్నె మొత్తాన్ని పాత కంబళిలో చుట్టి గంపలో పెట్టు. గిన్నె నిండుగా ఉంటేనే వేడి నిలుస్తుంది, అడుగున కొన్ని ఉలవలు వేసి పెడితే ఆరిపోతుంది. ఆదివారాలు ఇలా చెయ్, మధ్యాహ్నానికి మెత్తబడి ఉంటాయి. గ్యాస్ మిగులుతుంది. తినే ముందు మళ్ళీ ఒకసారి బాగా మరగనివ్వాలి, అది మాత్రం మరవొద్దు. ఆ కట్టుతో చారు పెట్టుకో, గింజలకు తిరగమోత పెట్టి గుగ్గిళ్ళు చేసుకో. బడి ఉన్న రోజు పొద్దున చుట్టిపెట్టి సాయంత్రం దాకా వదిలేయొద్దు, వేడి చల్లారి పులుస్తాయి. ఆ రోజు కుక్కరే మేలు.

ఈ కాలంలోనే అనపకాయలు వస్తాయి. పితికిన పప్పు చేయకుండా చలికాలం పోనిస్తే అత్త ఊరుకుంటుందా? గింజలు వలిచి నానబెట్టి, ఒక్కోదాన్ని వేళ్ళ మధ్య నొక్కి పై పొట్టులోంచి పప్పు బయటికి పితకాలి. గంట పని, రెండు చేతులూ కావాలి. ఆ రోజు అల్లిక లేదు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని పితికితేనే బాగుంటుంది, పిల్లోడి చేతికి కూడా ఒక గిన్నె ఇవ్వు. పచ్చి కొబ్బరి, ధనియాలు, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు నూరి వేసి ఉడికించిన ఆ కూరలో సంగటి ముద్ద అద్దుకుని తిన్న రాత్రి, సూదులు పట్టుకోవాలని నీకూ అనిపించదులే.

వంట గురించి రాసినంత సేపూ ఒక మాట చెప్పాలనుకున్నాను. దారం బుట్టను వంటింట్లో పెట్టొద్దు. ఉన్ని వాసనలను పీల్చుకుంటుంది. నా మొదటి టోపీకి ఇంగువ తిరగమోత వాసన రెండేళ్ళు పోలేదు. పొయ్యి మీద పెట్టి నడవలో కూర్చుని అల్లు, ఫోన్‌లో అలారం పెట్టుకో. ఇంకోటి, నల్ల దారం రాత్రిపూట ట్యూబులైటు కింద కూడా కుట్టు కనబడనివ్వదు. ఒడిలో తెల్ల తువ్వాలు పరుచుకుని దాని మీద అల్లితే ఒక్కో కుట్టూ విడిగా తేలి కనబడుతుంది. కళ్ళద్దాలు మార్చుకోవాలేమోనని నేను డాక్టరు దగ్గరికి కూడా పోయి వచ్చాక మా అత్త చెప్పిన ఉపాయం ఇది.

గిన్నె టోపీకి వంద గ్రాములు, మామకు వంద, పిల్లోడికి మూడొందలు పోయినా ఇంకా అరకిలో ఉంటుంది. రెండు పొరల మందంతో నాలుగు మసిగుడ్డలు అల్లి, ఈసారి కావాలనే వేడినీళ్ళలో సబ్బు పెట్టి రుద్ది దగ్గర పడనివ్వు. తడిగా ఉన్నప్పుడు మాత్రం వాటితో గిన్నె పట్టుకోవద్దు, తడి ఉన్ని వేడిని నేరుగా చేతికి అందిస్తుంది. ఒక ఉండను మాత్రం పేనకుండా, మీ జేజి చుట్టింది చుట్టినట్టే వేపాకు వేసి పెట్టెలో పెట్టు. కంబళి చినిగితే అతుకు వెయ్యడానికి ఒంటిపోగే కావాలి.